మౌనానికి ‘అనాసక్తి’ అని పేరు పెట్టేవారికి

‘గిరిజన విద్యార్థికి చదువుపై ఆసక్తి తక్కువ’ అనే మాట మన సదస్సులలో తరచుగా వినిపిస్తుంది. కారణంగా చూపుతున్న ఈ మాట నిజానికి నింద. ఆసక్తి పిల్లలు ఇంటినుంచి సంచిలో పెట్టుకొని తెచ్చే వస్తువు కాదు.

అరకు లోయలోని ఒక ప్రాథమిక పాఠశాలలో, క్షేత్రపర్యటనలో భాగంగా, రెండవ తరగతి పాఠం విన్నాను. ఉపాధ్యాయుడు నీళ్ల బొమ్మ చూపి ‘ఇవి ఏమిటి?’ అని నాలుగుసార్లు అడిగారు. ఆదివాసీ ఒరియా మాట్లాడే ఇంటి బాలిక తల వంచుకొని నిలబడింది. ‘చూశారా, వీళ్లు ప్రయత్నమే చెయ్యరు’ అన్నారాయన నాతో. విరామంలో, నేర్చుకొన్న నాలుగు ఒరియా మాటలతో అదే ప్రశ్న నేనడిగాను. ‘పాణి’ అన్నది. ఆపైన నేను అడగకుండానే చేపకూ చెట్టుకూ మేకకూ తన మాటలు చెప్పింది. నా నోట ‘నీళ్లు’ విని రెండుసార్లు పలికి చూసుకొన్నది. ఒక్క బాలికతో సిద్ధాంతం నిలవదు. కాని ‘ప్రయత్నమే చెయ్యరు’ అన్న తీర్పు మాత్రం ఆమెతోనే కూలిపోయింది.

ఏటా ఆగస్టు 29న మనం గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా స్మరిస్తాము. పర్లాకిమిడిలో ఆయన ముందుగా సవర నేర్చుకొన్నారు, సవర పిల్లలకు వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. ఇంట్లో మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలన్న సూత్రాన్ని మైదానంలో తెలుగుకు అంగీకరించి, కొండమీద కువికీ కొండ భాషకూ నిరాకరించడం ఏమి గిడుగు వారసత్వం?

స్థానికుల నియామకంతో సమస్య తీరుతుందనే వాదన ఉన్నది. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు ఉత్తర్వును 2020లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ ఉత్తర్వును నేను సమర్థిస్తాను. అయితే తెలుగే ఇంటిభాషగా పెరిగిన బగత ఉపాధ్యాయునికి కువి దానంతటదే రాదు. నేర్పవలసిందే. ఎవరు నేర్పాలి? తల్లిదండ్రులే ఇంగ్లీషు కోరుతున్నారనడం దీనికి జవాబు కాదు. ఆ ఇంగ్లీషుకైనా మొదటి మెట్టు పిల్లలు నోరు విప్పడమే.

నేను చదివిన ఎం.ఏ. పాఠ్యక్రమంలో ఈ భాషలు ద్రావిడ, ముండా కుటుంబాల పట్టికలో పేర్లుగా మాత్రమే ఉన్నాయి. పరీక్షలో రాసి మరచిపోయాము. తెలుగు శాఖలు కనీసం ఒక సెమిస్టరు ఈ భాషలలో ఏదో ఒకదానిని, ఆ భాష మాట్లాడేవారిచేతనే, నేర్పించాలి. అంతవరకు ఆ బాలిక ఆసక్తిని కొలిచే అధికారం మనకు లేదు.