చలి రాత్రి, మూసిన వాహనం

కారవాన్ అనగానే మొన్నమొన్నటి దాకా మనకు గుర్తుకు వచ్చేది షూటింగుల దగ్గర సినిమా తారలు సేద తీరే బస్సు మాత్రమే. ఇప్పుడు ఆ మాట పర్యాటక ప్రకటనల్లోనూ వినిపిస్తోంది. నిజానికి ఆ పేరు లేకపోయినా వాహనంలో రాత్రి గడపడం మన కర్నూలు, కడప జిల్లాల వారికి కొత్త కాదు. గండికోటలో పెన్నా లోయ మీద సూర్యోదయం చూడాలని ముందురాత్రే చేరుకుని కారులోనో వ్యానులోనో పడుకునే కుటుంబాలున్నాయి. మండల దీక్ష ముగించుకుని నంద్యాల, ప్రొద్దుటూరు, ఆదోని ప్రాంతాల నుండి శబరిమలకు బయలుదేరే స్వాములు దారిలో వాహనంలోనే కునుకు తీస్తారు. ఎర్రగుంట్ల సిమెంటు, బేతంచెర్ల నాపరాయి మోసే లారీ డ్రైవర్లకైతే ఏడాది పొడుగునా క్యాబినే పడకగది.

వీరందరికీ డిసెంబరు, జనవరి నెలల్లో ఎదురయ్యే ప్రశ్న ఒకటే: లోపల వెచ్చగా ఉండడం ఎలా? దీనికి మనవాళ్లు కనిపెట్టిన జవాబుల్లో కొన్ని ప్రాణాంతకమైనవి. అందుకే ఈ వ్యాసం.

మన చలి ఎంతటిదో ముందు చూద్దాం. ఈ నెలల్లో కర్నూలులో పగలు 30 డిగ్రీల ఎండ కాస్తుంది. రాత్రి 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని రాత్రులు ఇంకా దిగుతుంది. గాలిలో తేమ తక్కువ, ఆకాశం నిర్మలం కనుక పొద్దు వాలగానే నేల వేడి వేగంగా పైకి పోతుంది. ఇనుప రేకుల వాహనం అంతకంటే వేగంగా చల్లారుతుంది. గండికోట వంటి బయలు రాతినేల మీద గాలి కూడా తోడైతే తెల్లవారుజామున వాహనం గోడ తాకితే చేయి జిల్లుమంటుంది. అయినా ఈ చలి ఆరోగ్యవంతుణ్ణి చంపేది కాదు. ఒక గొంగడి కప్పుకుని, చేలో గొర్రెల మంద పక్కనే తెల్లవార్లూ పడుకునే మన కాపరులే అందుకు సాక్ష్యం. చంపేది చలి కాదు. చలికి భయపడి తలుపులన్నీ బిగించి లోపల పెట్టుకునే నిప్పు, లేదా రాత్రంతా నడిపే ఇంజను.

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు మరణించి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ పొగ లోపలికి చేరిందనీ, అందులోని కార్బన్ మోనాక్సైడ్ వారి ప్రాణాలు తీసిందనీ నిపుణుల పరీక్షలో తేలింది. చల్లదనం కోసమైనా, వెచ్చదనం కోసమైనా ఆ వాయువుకు తేడా లేదు.

దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. మెదడుకు మాత్రం ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రాదు. మన ఇళ్లలో బాలింతకు కుంపటి పెట్టిన అలవాటు వల్ల చాలామందికి ఒక ధీమా ఉంది: పొగ పోయి కణకణలాడే బొగ్గులైతే ప్రమాదం లేదని. ఇది పూర్తిగా తప్పు. పొగ కంటికి కనిపిస్తుంది, దగ్గు తెప్పించి మనిషిని లేపుతుంది. ఎర్రని బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఆ మాత్రం హెచ్చరిక కూడా చేయదు. కిటికీ వేలెడు సందు తెరిచినంత మాత్రాన కుంపటి క్షేమకరం కాదు. కిరోసిన్ స్టవ్వు, గ్యాస్ పొయ్యి కూడా అంతే. గ్యాసుతో మరో అపాయం ఉంది. 2023 ఆగస్టు 26న మదురైలో నిలిపి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో, లోపలికి తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. వంట కిందికి దిగి, వాహనానికి దూరంగా చేసుకోవడానికి స్వాములకు బద్ధకం ఎందుకో నాకు అర్థం కాదు.

కారులోని హీటరు ఇంజను వేడినే లోపలికి పంపుతుంది, ప్రయాణంలో వాడుకోవచ్చు. ఆపిన వాహనంలో, అందునా పాత సైలెన్సర్‌కు చిల్లులున్న వాహనంలో, ఇంజను నడుపుతూ నిద్రపోకూడదు.

విషవాయువు లక్షణాలు మామూలు జబ్బులను పోలి ఉంటాయి: తలనొప్పి, వికారం, వాంతి, కళ్లు తిరగడం. ఘాటు రోడ్డు పడలేదనో, రాత్రి తిన్న పులిహోర పడలేదనో అనుకుంటారు. ఒకే వాహనంలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి జ్వరం లేకుండా ఒకేసారి ఇలా అయితే, బయటి గాలికి రాగానే తేలికపడితే, ముందు దీనినే అనుమానించాలి. వెంటనే అందరినీ బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించినా నమ్మవద్దు; హిమోగ్లోబిన్‌ను పట్టుకున్నది ప్రాణవాయువో విషవాయువో ఆ పరికరం విడదీయలేదు. ‘మూసిన బండిలో నిప్పు పెట్టుకున్నాము’ అన్న ఒక్క మాట డాక్టరుకు చెబితే మాస్కుతో ఆక్సిజన్ వెంటనే మొదలవుతుంది.

ఇక వెచ్చదనం మాట. శరీరమే ఒక పొయ్యి. దాని వేడిని పోనీయకుండా కాపాడుకుంటే చాలు. పైన రెండు దుప్పట్లు కప్పుకుని కింద పలుచని చాప వేసుకునేవారే ఎక్కువ. వాహనంలో వేడి ఎక్కువగా లాగేసేది కింది ఇనుమే. అందుకే మందపాటి బొంత కింద ఉండాలి, గొంగడి పైన ఉండాలి. అద్దాలకు లోపలి నుండి అట్టలో, దుప్పట్లో అడ్డు పెట్టాలి. గాలి వీచే వైపు కిటికీలు మూసి, ఎదురు వైపు రెండు కిటికీలు కొద్దిగా తెరిచి ఉంచాలి. లేకపోతే నలుగురి ఊపిరిలోని తేమ అద్దాల మీద నీరై కారి పక్కబట్టలు తడుస్తాయి; తడిసిన బట్ట చలిని ఆపదు. తలకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు, పడుకునే ముందు వేడి రాగిజావ. మద్యం వెచ్చదనమన్నది భ్రమ. అది చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది.

వృద్ధులు, పసిపిల్లల సంగతి వేరు. మనం ఓర్చుకునే చలికే వారి శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే దిగవచ్చు. వృద్ధుడు వణకకుండా మగతగా, తడబడుతూ మాట్లాడుతుంటే నిద్రమత్తు అని వదిలేయకండి. చలికి రక్తపోటు పెరుగుతుంది కనుక బీపీ మాత్ర ప్రయాణంలో మానకూడదు. మధుమేహులు వేడినీళ్ల సీసాను పాదాలకు ఆనించకూడదు. స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు.

రాత్రి మూత్రానికి దిగవలసి వస్తుందని సాయంత్రం నుండి నీళ్లు మానే పెద్దలు ప్రతి బృందంలోనూ ఉంటారు, స్త్రీలు మరీను. దీనికి వైద్యం నా దగ్గర లేదు, పర్యాటక శాఖ దగ్గర ఉంది. గండికోట వంటి చోట వాహనాలు నిలిపే స్థలంలోనే దీపం వెలిగే మరుగుదొడ్డి ఉండాలి. జనరేటర్ అవసరం పడకుండా డబ్బు కట్టి వాడుకునే కరెంటు ప్లగ్గులు ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేని కారవాన్‌ను అద్దెకు తిప్పడానికి అనుమతి ఇవ్వకూడదు. అలారం ఖరీదు వాహనం ఖరీదు ముందు ఏపాటిది? పడుకునేవారి తలకు దగ్గరగా దానిని బిగించి, ప్రతి ప్రయాణానికి ముందు మీట నొక్కి మోగుతోందో లేదో చూసుకోవాలి.