నీళ్ళ టిన్నులు మీరు తెండి మేడమ్

తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి. హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని కాబట్టి ఏడాదికోసారైనా ఈ సామెత బోర్డు మీద రాయాల్సొస్తుంది. పిల్లలకి అర్థం చెప్పాలి, సొంతవాక్యం రాయించాలి. పదేళ్ళు దాటింది చెప్పబట్టి. చెప్పిన ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఎవరు తినాలి? ఎవరు వినాలి? భారతం విన్నాను. అందులో బొటనవేలు తెగింది నాలాంటోడిదే. ఇక గారెల సంగతి చెప్తాను.

మాది అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. డెల్టా ఊరు. ఊరికి ఆవల మాదిగపల్లె. మా వైపు వరికోతకి ముందే చేలో మినుములు చల్లుతారు. వరి కోశాక ఆ పదును మీదే మినుము ఎదుగుతుంది. దాన్ని పీకేది మాయమ్మ, మా పెద్దమ్మ, మా పల్లె ఆడోళ్ళు. మంచు ఆరకముందే పీకాలి, ఎండెక్కితే కాయ పగిలి గింజ రాలిపోద్ది. చీకటితో పోయేవాళ్ళు. సాయంత్రానికి అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉండేవి. కూలి కింద కొలిచిన మినుములు ఇంటికొచ్చేవి. వాటిని అమ్మి నూకలు, కిరసనాయిలు కొనేవాళ్ళం. పప్పు నానబోసి, బాండీ నిండా నూనె పోసి గారెలొండుకునే ఇల్లు కాదు మాది.

మరి గారె ఎప్పుడు తిన్నాను? ఊళ్ళో ఆసాములు చచ్చినప్పుడు.

మా నాయన డప్పు కొట్టేవాడు. పెద్దకర్మ నాడు పొద్దుగూకేదాకా ఆ ఇంటి ముందు కొట్టి, పంక్తులన్నీ లేచాక మిగిలినవి తువ్వాల్లో మూటగట్టుకొచ్చేవాడు. చల్లారి, నూనె పేరుకొని, పులిహోర మెతుకులంటుకున్న గారెలు. నడిరాత్రి నిద్ర లేచి మరీ తినేవాళ్ళం. ఊళ్ళో ఏ ముసలాయన మంచం పట్టినా మా తమ్ముడు "ఎప్పుడు పోతాడే?" అని అడిగేవాడు. నవ్వుకోండి, మేమూ నవ్వుకున్నాం. గారె కరకరలాడుతుందని నాకు డిగ్రీ చదివేటప్పుడు తెలిసింది. హాస్టలు స్నేహితురాలు తెనాలి బస్టాండు దగ్గర బండి మీద వేడివేడిగా కొనిపెట్టింది. కొరికాను. మా నాయన గుర్తొచ్చి మింగుడుపడలేదు.

డీఎస్సీ రాశాను. ఉద్యోగమొచ్చింది. మా ఇంట్లో డిగ్రీ పాసైనదాన్నీ, నెలజీతం తీసుకున్నదాన్నీ నేనే మొదలు. ఇంక అందరితో సమానమే అనుకున్నాను.

కార్తీకం వస్తే స్టాఫ్ రూములో వనభోజనాల మాట లేస్తుంది. తోట ఎవరిది, ఉసిరిచెట్టు ఉందా, ఏ ఆదివారం. ఒక తెల్లకాగితం మీద పేర్లు, ఎదురుగా ఎవరేం తేవాలో రాస్తారు. పులిహోర ఒకరు, గుత్తొంకాయ ఒకరు, పరమాన్నం ఒకరు, గారెలు ఒకరు. నా పేరెదురుగా నీళ్ళ టిన్నులు. "మీకెందుకు మేడమ్ శ్రమ, చిన్నపిల్లల తల్లి, నీళ్ళ టిన్నులు మీరు తెండి" అనేవాళ్ళు, ఎంతో ఆప్యాయంగా. నాలుగేళ్ళు తెచ్చాను. ఆ ఆప్యాయతకి కరిగిపోయాను కూడా.

ఐదో ఏడు ఫోన్లో ఆ పాత లిస్టుల ఫోటోలు కనపడ్డాయి. వరసగా చూశాను. మా స్కూల్లో ఎస్సీలం ముగ్గురం. ఒక్క ఏడన్నా మాలో ఒక్కరికన్నా పొయ్యి మీద పెట్టే వస్తువు రాలేదు. నాకు నీళ్ళ టిన్నులు, ఇంకో మేడమ్‌కి అరటిపళ్ళు, మాస్టారికి విస్తళ్ళు. అరటిపండుకి తొక్క ఉంది. టిన్నుకి మూత ఉంది. విస్తరిని కడుక్కోవచ్చు. ఎవరో కూర్చుని కుట్ర పన్నారని నేననను. కుట్ర దేనికి? కులం చేతికలవాటైపోయింది, పెన్ను పడితే అదే రాసుకుపోతుంది.

1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చెరువులో దిగి దోసెడు నీళ్ళు తాగాడు. కారంచేడులో మంచినీళ్ళ చెరువు కాడ మొదలైన గొడవ మర్నాడు, 1985 జూలై 17న, ఆరుగురు మాదిగల్ని మింగింది. ఇప్పుడు మాదిగదాన్ని నేను ఇరవై లీటర్ల టిన్ను తెస్తే అందరూ తాగుతున్నారు, మార్పు కాదా అంటారు. మార్పే. మూత బిగించి ఉన్నంతవరకే ఆ మార్పు.

ఆ ఏడు నేనే చెప్పాను, గారెలు నేను తెస్తానని. గది ఒక్క క్షణం చప్పుడాగింది. "అంతమందికి మీరెక్కడ చేస్తారు మేడమ్, బయట ఆర్డరిద్దాం" అన్నారు. పట్టుబట్టాను. రెండు కిలోల పొట్టుపప్పు నానేశాను. మాయమ్మ ఊర్నుంచొచ్చింది. గ్రైండరొద్దంది, పిండి వేడెక్కుద్దంది. తెల్లారుజామున రోట్లో రుబ్బింది. పిండి చుక్క నీళ్ళలో వేస్తే తేలాలి, అప్పుడు గారె గుల్లగా వస్తుంది. కార్తీకం కదా అని ఉల్లిపాయ కూడా వెయ్యలేదు. అల్లం, పచ్చిమిరప, జీలకర్ర. అరిటాకు మీద తట్టి, నడిమికి చిల్లి పెట్టి, వంద పైచిలుకు వేశాం. మినుము పీకిన చేతులు మొదటిసారి ఊరి పంక్తికి గారెలేసినయ్.

ఒకరు నూనె పడదన్నారు. ఒకరు బీపీ అన్నారు. ఒకరు తర్వాత తింటానని పక్కన పెట్టారు. అదే నోళ్ళు పక్క బేసిన్లో బజ్జీలు ఖాళీ చేసినయ్. సైన్సు మాస్టారొక్కడు నాలుగు తిని, బాగున్నాయమ్మా అన్నాడు. ఆయన కులం ఇక్కడ రాయను. మనుషులున్నారని చెప్పడానికి ఆ మాట రాస్తున్నాను. మిగతావన్నీ తోట కాపలా కాసే యానాది కుటుంబం పిల్లలు తిన్నారు. ఇంటికొచ్చాక మాయమ్మ "సరిపోయినయ్యా?" అని అడిగింది. సరిపోయినయ్ అని అబద్ధం చెప్పాను.

మా స్కూల్లో మధ్యాహ్నభోజనం వండేది మా పల్లె మనిషే. వంటవాళ్ళ నియామకంలో ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యమివ్వమని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఆమె చేతికూడు అన్ని కులాల పిల్లలూ తింటున్నారు. ఎవరికీ నూనె పడకుండా పోలేదు. ఆ పిల్లలకి సమానత్వం పాఠం చెప్పేవాళ్ళకే మా గారె పడలేదు.

పైగా సలహా ఒకటి. "మీ వాళ్ళు కూడా వేరే వనభోజనాలు పెట్టుకోవచ్చుగా మేడమ్!" కార్తీకంలో రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు చూడండి. ప్రతి కులానికీ ఒక తోట, ఒక వంటమేస్త్రి, ఒక ఎమ్మెల్యే. మన సంఘాలూ కొన్ని ఆ దారి పట్టినయ్. మాలలకొకటి, మాదిగలకొకటి. నేను ఒప్పుకోను. మా నాయనమ్మ చెప్పేది, మాలింట్లో ఆమెకి నీళ్ళు పైనుంచి పోసేవాళ్ళని. ఊరు మనల్ని తోసిందని ఏడ్చే మనం మనలో మనం తోసుకుంది ఏ లెక్కలో రాయాలి?

అందుకే మేం ఆరుగురు టీచర్లం వేరే అలవాటు చేసుకున్నాం. ఇద్దరు మాలలు, ఇద్దరం మాదిగలం, ఒక యానాది, ఒక దూదేకుల. సెలవొస్తే బళ్ళెక్కి మంచి గారె వెతుక్కుంటూ పోతాం. పొన్నూరు, రేపల్లె, చీరాల రోడ్లలో పాక హోటళ్ళన్నీ మాకు తెలుసు. మంచి గారెకి మా లెక్కలో రెండు గుర్తులు. లోపల గుల్లగా ఉండాలి, పెట్టేవాళ్ళు "మీరెవరి తాలూకు?" అని అడక్కూడదు. మొదటిది చాలాచోట్ల దొరుకుతుంది. జనవరి 3 సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు. ఆ దగ్గర్లో ఆదివారం కాలవగట్టు మీద మూడు రాళ్ళు పెట్టి మేమే వండుకుంటాం. గారెలు, పెద్దకూర. పెద్దకూర తిననోళ్ళకి కోడికూర. వర్గీకరణ మీద 2024 తీర్పు గురించి పొయ్యి దగ్గరే కొట్లాడుకున్నాం. గొంతులు లేచినయ్. కానీ ఎవరూ పళ్ళెం వదిలి లేవలేదు.

ఉద్యమంలో ఉన్న అన్న ఒకాయన కోప్పడ్డాడు. "భూమి లేదు, దాడులాగలేదు, నీకు గారెల గోలేంటమ్మా? సహపంక్తి భోజనాలతో కులం పోదని 1936లోనే అంబేడ్కర్ తేల్చేశాడు" అన్నాడు. నిజమే అన్నా. కలిసి తిన్నంత మాత్రాన కులం చావదు, కులాంతర వివాహమే అసలు మందన్నాడు బాబాసాహెబ్. అయితే మా గారె మింగలేనోళ్ళు మా పిల్లని కోడలిగా తీసుకెళ్తారా? గారెతో ఆగమని నేనడగటంలేదు. గారె దగ్గరే ఆగిపోయినోళ్ళని చూపిస్తున్నాను.

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ కాలేజీ పిక్నిక్కుకి, ఆఫీసు విందుకి ఒక లిస్టుంటుంది. దాన్ని చదవండి. గరిటె ఎవరి చేతికిచ్చారు, విస్తళ్ళు ఎవరికిచ్చారు, మూతున్న వస్తువు ఎవరి పేరెదురుగా ఉంది? మీ పేరెదురుగా ఉన్నది మీరు రాసుకున్నదేనా?

ఈ కార్తీకానికి మా లిస్టు మళ్ళీ వచ్చింది. నీళ్ళ టిన్నులు కొట్టేసి నా చేత్తోనే రాశాను, గారెలని. మాయమ్మకి కబురు పెట్టాను. ఈసారి మాయమ్మ కూడా తోటకొస్తుంది. ఎవరికి నూనె పడదో ఆమె మొహం చూసి చెప్పమనండి.