రాతినారకు పచ్చకప్పు

రాతినార గనులు చెఱచిన భూమిని మొక్కలే బాగుచేయునను మాట విని మేమును సంతోషించితిమి. కాని రాతినార కాలదు, కుళ్లదు. దాని పోగులు ఊపిరితిత్తులఁ జేరినచో రోగము 20, 30 ఏండ్లకుఁ గాని బయటపడదు. ఇట్టి శిలను ఏ వేరును జీర్ణించుకొనఁజాలదు.

మఱి మొక్క చేయునదేమి? వేరు మట్టిని పట్టియుంచును. ఆకు గాలికి అడ్డగును. ఇటలీలో 1990లో మూతపడిన బలాంజెరో గని మట్టిలో ట్యూరిను శాస్త్రజ్ఞులు కొన్ని శిలీంధ్రములను కనుగొనిరి. అవి పోగులలోని యినుమును లాగివేయును. పోగుల హానికి ఆ యినుమొక కారణము. ఇది ఆశాజనకమే. అయినను ప్రయోగశాలలోని గాజుపాత్ర వేఱు, కొండవాలు వేఱు.

ఝార్ఖండులో చాయిబాసాకుఁ జేరువనున్న రోరో కొండలలో గని 1983లో మూతపడెను. యజమానులు వెడలిపోయిరి, చెత్తగుట్టలు మిగిలెను. వానలకు ఆ పొడి హో రైతుల పొలములలోనికి దిగెను. మన పులివెందుల సీమయందును ఒకప్పుడు రాతినార త్రవ్విరి గనుక ఇది మనకుఁ బరాయికథ కాదు.

అట్టి గుట్టలలో సున్నపుపాలు తక్కువ, నికెలు ఎక్కువ. ఊరక విత్తనములు చల్లినచో మొలక నిలువదు. మొక్క నాటి, ఛాయాపటము తీయించుకొని మరలిపోవు వేడుకలు మనము చాలఁ జూచితిమి! ముందు వాలు సరిచేయవలెను. పైన మంచిమట్టి పఱచి, గడ్డి నాటి, పశువులు చొరకుండఁ గంచె వేయవలెను. ఈ వ్యయమును సరకమ్మి లాభించినవారే భరింపవలెను. వారు చేయనిచో ప్రభుత్వము చేయించి వారివలన రాబట్టవలెను.