సరుకు ఒకచోట, చిట్టా మరొకచోట

పార్సిల్ ఆఫీసు పద్ధతి ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోని మన తెలుగు కుటుంబాలకు విదితమే. ఆ ఊరి ఐ.ఐ.టి.లో 2022 మార్చిలో ప్రారంభమైన ‘పరమ్ శక్తి’ సూపర్ కంప్యూటరుకూ అటువంటి గోదాము సమస్యే ఉన్నది. వందల యంత్రాలు ఏకకాలంలో వ్రాసే సమాచారాన్ని ఏ విధంగా భద్రపరచాలి?

అక్కడ వినియోగించేది ‘లస్టర్’ అనే ఫైల్ సిస్టమ్. ఇందులో పెద్ద ఫైలును ముక్కలు చేసి పలు సర్వర్లకు పంచుతారు. ఏ ముక్క ఎక్కడ ఉన్నదో తెలిపే చిట్టా మాత్రం వేరే సర్వరు వద్ద ఉంటుంది. చిట్టాను ఒకమారు సంప్రదిస్తే చాలు, అన్ని గోదాముల నుండి సరుకు ఒక్కసారిగా దిగుతుంది. వాతావరణ గణనల వంటి భారీ ఫైళ్లకు ఇంతకన్న ఏమి కావాలి? కాని లక్షలాది చిన్న ఫైళ్లు వచ్చిపడితే, గోదాములు ఖాళీగా ఉన్నా గుమాస్తా ముందు వరుస తరగదు!

భద్రత సంగతి వేరు. 2003లో గూగుల్ వివరించిన ఫైల్ సిస్టమ్, యంత్రాలు చెడిపోవడం నిత్యకృత్యమని భావించి, ప్రతి ముక్కకూ సాధారణంగా మూడు ప్రతులు ఉంచేది. లస్టర్ అడగనిదే ప్రతులు తీయదు. అడుగున ఉన్న డిస్కుల అమరికనే నమ్ముకుంటుంది. వేగం ప్రధానమైన చోట ఈ బేరం మాకు సమంజసంగానే తోస్తున్నది. అయితే ఏళ్ల తరబడి శ్రమించి సాధించిన ఫలితాలను ఆ ఒక్కచోటనే ఉంచడాన్ని మాత్రం మేము సమర్థించలేము. లెక్క ముగిసిన నాడే రెండవ ప్రతి వేరొక గోదాముకు చేరాలి.