కర్త లేని వాక్యాలు

కులం ప్రస్తావన తెస్తే పసిమనసులు కలుషితమవుతాయని వాదించేవారున్నారు. కానీ కులం పిల్లలకు తెలియని విషయమేమీ కాదు. నచ్చనిదాన్ని ‘చండాలం’ అనడం బడికి రాకముందే అలవాటవుతుంది. అది ఒక జనసమూహం పేరునుంచి పుట్టిన తిట్టని ఎవరూ చెప్పరు. చిన్నచూపు మాటలను ఇల్లూ వీధీ నేర్పుతున్నాయి. ఆ చూపు తప్పని చెప్పే మాటలు నేర్పవలసిన బడి మౌనం వహిస్తోంది.

మాట్లాడినప్పుడు కూడా బడి తరచు తప్పించుకునే భాషనే వాడుతుంది. ‘అంబేడ్కర్ బాల్యంలో ఎన్నో కష్టాలు పడ్డారు’ అన్న వాక్యం చూడండి. పడినవాడు ఉన్నాడు, పెట్టినవారు కనిపించరు. సుబేదారుగా పనిచేసిన తండ్రికి పుట్టిన ఆ బాలుడు తరగతిలో విడిగా గోనెపట్టా మీద కూర్చోవలసి వచ్చింది. కుళాయి తిప్పే నౌకరు లేనప్పుడు దాహంతోనే ఉండిపోయాడు. దీన్ని పేదరికంతో వివరించలేము. దీని పేరు వివక్ష. ‘కష్టం’ అంటే విద్యార్థికి జాలి కలుగుతుంది. ‘వివక్ష’ అంటే ప్రశ్న పుడుతుంది: చేసిందెవరు? చూస్తూ ఊరుకున్నదెవరు?

జాషువా ‘గబ్బిలం’ (1941) బోధన కూడా అలంకారాల దగ్గరే ఆగితే పాఠం సగమే అవుతుంది. గుడిలోకి గబ్బిలానికి ఉన్న ప్రవేశం మనిషికి ఎందుకు లేదన్నది ఆ కావ్యం వేసే ప్రశ్న.

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దుచేసి, ఏ రూపంలోనూ పాటించరాదని నిషేధించింది. పిల్లలు దాన్ని పరీక్షలో భూతకాలంలో రాసి మరచిపోతారు. మధ్యాహ్న భోజన పంక్తిలో ఒకరి పక్కనుంచి మరొకరు జరిగి కూర్చుంటే, ఊడ్చే పని ఎప్పుడూ కొందరికే పడితే, దాన్ని వర్తమానకాలంలో పేరుపెట్టి చెప్పగలగాలి.

మాటలు నేర్పినంత మాత్రాన కులం పోతుందా? పోదు. అయితే పేరు తెలియని అవమానాన్ని బాధిత బాలిక తన లోపమనుకుంటుంది. అవమానించిన బాలుడు ఆచారమనుకుంటాడు. ఇద్దరికీ ఆ మాట అవసరమే. అందుకు ముందుగా మాట తెలియవలసింది ఉపాధ్యాయులకు. కుల వివక్షను గుర్తించడం, తరగతిలో దాని గురించి చర్చించడం ఉపాధ్యాయ శిక్షణలో తప్పనిసరి అంశం కావాలి. పాఠ్యపుస్తక రచయితలు కర్తను దాచని వాక్యాలు రాయాలి. చేసినవారెవరో చెప్పని చరిత్ర, చేస్తున్నవారిని ప్రశ్నించడం నేర్పలేదు.