చెరువులో దిగనివాడు గీసిన హాజరు పట్టీ

నా చదువు ఏడో తరగతితో ఆగింది. వ్యవసాయ కూలీల సంఘంలో తిరగబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను కంప్యూటర్ల గురించి రాస్తున్నానంటే మన కార్యకర్తలే నవ్వుతారేమో. అయినా రాయక తప్పడం లేదు. మన కూలి లెక్క మేస్త్రీ పుస్తకంలోంచి ఫోన్లోకి పోయింది. ఆ ఫోన్లో ఏ గడి ఉండాలి, ఏది ఉండకూడదు అని ఎవరు తేల్చారు, ఎవరిని అడిగి తేల్చారు? కూలి రేటుతో పాటు ఈ ప్రశ్న కూడా మనం అడగాల్సి వచ్చింది.

ముందు పని సంగతి చూడండి. ఎండాకాలం చెరువు పూడిక పనికి పోయే ఆడమనిషి నాలుగింటికే లేస్తుంది. వంటావార్పూ ముగించి, ఇంత అన్నం గిన్నెలో పెట్టుకుని ఆరింటికల్లా చెరువులో ఉంటుంది. ఒకరు గడ్డపారతో పొడుస్తారు, ఒకరు పారతో ఎత్తుతారు, ఒకరు తట్ట మోస్తారు. ఎండ ముదిరేలోగా కొలత పూర్తి కావాలని అందరికీ తొందరే. ఎందుకంటే అక్కడ కూలి వచ్చేది తవ్విన మట్టిని బట్టి. పొడవు, వెడల్పు, లోతు కొలుస్తారు. నేల గట్టిదా మెత్తదా, మట్టి ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తుకి చేర్చారు అన్నదాన్ని బట్టి రేటు. చెరువులో ఒక్కపూట దిగినవాడికి ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఫోన్ సంగతి. 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఉపాధి హామీ పనుల హాజరుకి ఎన్‌.ఎం.ఎం.ఎస్‌. అనే యాప్ తెచ్చింది. 2022 మే నుంచి ఇరవై మందీ ఆపైన పనిచేసే చోట తప్పనిసరి అన్నారు. 2023 జనవరి 1 నుంచి, సొంత పొలాల్లో చేసుకునే పనులు వంటివి తప్ప, అన్నిటికీ తప్పనిసరి చేశారు. రోజుకి రెండు ఫోటోలు. తీసిన టైమూ, తీసిన చోటూ ఫోటోలోనే పడాలి. మొదటి హాజరుకీ రెండో ఫోటోకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలని పెట్టారు.

తిరకాసు ఇక్కడే ఉంది. కూలి కొలతకి, హాజరు గడియారానికి! చురుకైన జట్టు ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకి కొలత ముగిస్తే ఏం చేయాలి? చెట్టుంటే చెట్టుకింద, లేకపోతే గట్టుమీద, ఫోటో గడియ వచ్చేదాకా కూర్చోవాలి. సిగ్నల్ అందకపోతే మేటు ఫోన్ పైకెత్తి గట్టు పొడవునా తిరగాలి. హాజరు నమోదు కాకపోతే ఆ రోజు చెమటకి లెక్క లేదు. తవ్విన గుంత కళ్లెదుటే ఉంటుంది, కానీ ఫోన్‌కి గుంత అక్కర్లేదు, మొహం కావాలి.

మనలో అందరూ ఫోటో వద్దనేవాళ్లే అనుకోకండి. రాని మనిషి పేరు మస్టరులో ఎక్కించి డబ్బు మింగిన కథలు పల్లెపల్లెకీ ఉన్నాయి. ఫోటో ఉంటే ఆ దొంగ మస్టర్లు పోతాయని నమ్మిన కూలీలు నాకు తెలుసు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. కానీ జరిగిందేమిటి? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసి ఒప్పుకుంది: పనికి సంబంధంలేని ఫోటోలు పెడుతున్నారు, ఫోటోకే ఫోటో తీసి పంపుతున్నారు, హాజరులో ఉన్న తలలకీ ఫోటోలో ఉన్న తలలకీ పొంతన లేదు అని. ఇక ఫోటోలన్నిటినీ మనుషులే కూర్చుని సరిచూడాలని ఆదేశించారు. దొంగకి దారి దొరికింది, ఎండలో కూర్చున్నది మాత్రం నిజంగా పనిచేసినవాళ్లు. 2023 ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోజుల తరబడి బైఠాయించి చెప్పింది ఇదే.

యంత్రం తయారుచేసే ముందు పనిచేసేవాణ్ణి అడగడం ఎక్కడైనా జరిగిందా అంటే, జరిగింది. నార్వే దేశంలో ఇనుము, లోహ కార్మికుల సంఘం 1970 తర్వాత క్రిస్టెన్ న్యూగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడితో కలిసి ఈ పని మొదలుపెట్టింది. కార్ఖానాలోకి వచ్చే కంప్యూటర్ ఏం చేస్తుందో కార్మికులే చదివి, చర్చించి, తమ కోరికలు రాశారు. 1975లో ఆ దేశపు కార్మిక సమాఖ్యకీ యజమానుల సంఘానికీ ఒప్పందం అయింది. కొత్త కంప్యూటర్ ఏర్పాటు గురించి ముందే చెప్పాలి, పండితుడు కానివాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి అన్నది అందులోని షరతు.

స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో జరిగింది నాకు ఇంకా నచ్చింది. 1981లో పత్రికల్లో అచ్చుపని చేసే కార్మికుల సంఘాలు, పరిశోధకులు కలిసి పేజీలు కూర్చే కంప్యూటర్ ఎలా ఉండాలో తేల్చడానికి కూర్చున్నారు. మొదట పరిశోధకులు పనిని గీతలుగా, పెట్టెలుగా, బాణాలుగా కాగితం మీద గీసి చూపించారు. కార్మికులకి అందులో తమ పని కనబడలేదు. అప్పుడు అట్టపెట్టెలతో, కాగితాలతో ఉత్తుత్తి కంప్యూటర్ చేసి బల్లమీద పెట్టి, నువ్వు రోజూ చేసే పని దీనితో చేసి చూపించు అన్నారు. దానితో నోళ్లు విచ్చుకున్నాయి. ఇది ఇక్కడ కాదు, అక్కడ ఉండాలి అని చేతులతో చూపించారు. వాళ్లు తయారుచేసిన ఏర్పాటు లోకమంతా పాకిందని కాదు. కానీ పని తెలిసినవాడి చేతికి అట్టముక్క ఇస్తే ఎంత తెలివి బయటపడుతుందో తేలింది.

అది చదివి మా సంఘంలోనూ ఒక సాయంత్రం అట్టముక్కలు పంచాం. అక్కడికి వచ్చినవాళ్లలో సగంమంది నిశానీలు. మీకు నచ్చినట్టు హాజరు ఫోన్ గీయండి అన్నాం. వాళ్లు గీసినవి వినండి. గుంత బొమ్మ. నేల గట్టిదైతే రాయి బొమ్మ. తట్ట మోసిన దూరానికి అడుగుల గుర్తులు. కుండ బొమ్మ: తాగునీళ్లు ఉన్నాయా లేదా అని. పందిరి బొమ్మ. బిడ్డకి పాలివ్వడానికి పోయిన తల్లికి హాజరు పోకుండా ఒక గుర్తు. సిగ్నల్ లేనప్పుడు మేటూ ఇద్దరు కూలీలూ కలిసి వేలిముద్ర వేసే చోటు. ఒక పెద్దావిడ ఏమీ గీయకుండా అట్ట మధ్యలో రూపాయి బిళ్ల పెట్టి, "అయ్యా, ఇది ఎక్కడుందో చెప్పమను. బ్యాంకుకి ఎన్నిసార్లు తిరగను?" అంది. అంతకు ముందు నెలల తరబడి ఫోన్ మా మొహాలు చూసింది. మా కూలి ఎక్కడ ఆగిందో మాకు చూపించే గడి పెట్టాలని మాత్రం మాకెవరికీ తోచలేదు. నాక్కూడా.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం ఆమోదించింది. 125 రోజుల పని అంటోంది. వేలిముద్రలు, ఫోన్ల మీద నిఘా అందులోనూ ఉన్నాయి. అంటే మళ్లీ ఎవరో ఎక్కడో చల్లని గదిలో కూర్చుని గడులు గీస్తారు. గీసేవాళ్లు మే నెలలో ఒక వారం చెరువులో దిగాలి, గీసినదాన్ని గ్రామసభలో కూలీల చేతికిచ్చి వాడించి చూడాలి, వాళ్లు వద్దన్నది మార్చాకే అమలు చేయాలి అని మన కోర్కెల పత్రంలో చేర్చాలి. కూలి రేటు కింద, రెండో కోర్కెగా.

ఆ అట్టముక్కలు సంఘం ఆఫీసులో దారానికి గుచ్చి ఉన్నాయి. వేసవి పనులు మొదలయ్యేలోగా వాటిని మండలాఫీసుకి తీసుకుపోతున్నాం. రూపాయి బిళ్ల పెద్దావిడ తీసేసుకుంది, దాని చోట గుండ్రంగా గీత గీసుకున్నాం.