సంతకం వీధిలో, కంప్యూటరు వాటాలో

2018లో వినాయక చవితి వెళ్లిన వారం. చిలకలూరిపేట దాటి పర్చూరు వెళ్లే దారిలో ఉన్న మా పెదనాన్న వాళ్ల జిన్నింగ్ మిల్లుకి వెళ్లాను. కొత్త పత్తి ఇంకా రాలేదు. మిషన్లకి నూనె పెడుతున్నారు. షెడ్డు మీద పగిలిన రేకులు మారుస్తున్నారు. ఆఫీసు గదిలో మాత్రం పెళ్లివారిల్లులా హడావుడి. ఆ మధ్యాహ్నం మూడింటికి ఒక టెండరు గడువు. కొన్న పత్తి నుంచి గింజ తీసి, దూదిని బేళ్లు కట్టే పని మిల్లులకు అప్పగించే టెండరు. దక్కితే సీజనంతా మిల్లు ఆడుతుంది. లేదంటే సొంత డబ్బు పెట్టి పత్తి కొనుక్కుని, ధర కోసం ఆకాశం వంక చూడాలి.

కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించేశారు. మిగిలింది సంతకం. పెన్నుతో పెట్టేది కాదు. చిటికెనవేలంత ప్లాస్టిక్ ముక్కని కంప్యూటరుకి గుచ్చి, పిన్ నంబరు కొడితే పడే డిజిటల్ సంతకం. ఆ ముక్కని మిల్లులో అందరూ 'డాంగిల్' అంటారు. గుమాస్తా బీరువాలోంచి తీసి గుచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. తెర మీద మాత్రం 'టోకెన్ దొరకలేదు' అని వచ్చింది. పీకాడు, ఉఫ్ అని ఊదాడు, చొక్కాతో తుడిచాడు, పక్క కన్నంలో పెట్టాడు. లైటు వెలుగుతూనే ఉంది. తెర అదే మాట అంటూనే ఉంది. టైము రెండుంబావు.

"వెలుగుతోంది కదరా, లేదంటుందేంటి?" అన్నాడు పెదనాన్న. న్యాయమైన ప్రశ్నే.

జరిగిందేమిటంటే, అంతకుముందు ఏడాది మిల్లులో పాత కంప్యూటరు పాడైంది. టెండర్ల వెబ్‌సైటేమో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, దానికి తోడు జావా ఉంటేనే పనిచేసేది. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పేశాయి. అందుకని గుంటూరు నుంచి వచ్చి కంప్యూటర్లు చూసే కుర్రాడు ఒక ఉపాయం చేశాడు. కొత్త కంప్యూటర్లోనే పాత విండోస్‌తో ఇంకో కంప్యూటరు సృష్టించి పెట్టాడు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. చేత్తో ముట్టుకోవడానికి ఉండదు, ఒక కిటికీలో తెరుచుకుంటుంది. లోపల దాని విండోస్ దానిదే, దాని ఫైళ్లు దానివే.

మన ఊళ్లల్లో ఇల్లు కట్టుకుని వెనక వాటా అద్దెకివ్వడం మామూలే కదా! ఇదీ అంతే. పెద్ద కంప్యూటరు ఇంటి ఓనరు, లోపలిది వాటా. కంప్యూటరు వాళ్లు లోపలిదాన్ని 'గెస్ట్' అంటారు. నాకెందుకో నచ్చలేదు. గెస్టు నాలుగు రోజులుండి వెళ్లిపోతాడు, ఇది ఏళ్ల తరబడి ఉంటుంది. ఈ వాటాకి వీధి గుమ్మం లేదు. వచ్చినవాళ్లెవరైనా ముందు ఓనరు తలుపే తట్టాలి. డాంగిల్ గుచ్చితే అది ఓనరింట్లో కూర్చుంది. లైటు వెలగడం అంటే ఓనరు తలుపు తీశాడనే. వాటాలో ఉన్నవాడికి చుట్టం వచ్చిన సంగతే తెలీదు.

నేను చదివింది జర్నలిజం డిప్లొమా. ఇదంతా ఆ రోజు తెలిసింది కాదు, తర్వాత బ్రాడీపేటలో ఇదే పని చేసేవాళ్ల పక్కన కూర్చుని తెలుసుకున్నది. ఆ డాంగిల్ నిజానికి ఒక స్మార్ట్ కార్డు, దాన్ని చదివే రీడరు కలిపి ఒకే డిప్పలో పెట్టిన వస్తువు. మన ఏటీఎం కార్డు మీద బంగారు రంగు చిప్పు ఉంటుంది చూడండి, దాని దాయాదే ఇదీ. సంతకం చేసే రహస్య సంఖ్య ఆ చిప్పులోనే ఉంటుంది. బయటికి రాదు, కాపీ చేసుకోనివ్వదు. కంప్యూటరు కాగితం తాలూకు సారాంశాన్ని లోపలికి పంపుతుంది, చిప్పు దాని మీద సంతకం చేసి తిరిగి పంపుతుంది. వాటాలోని విండోస్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పట్టుకెళ్లినా సంతకం దాని వెంట పోదు. డాంగిల్ ఎక్కడుంటే సంతకం అక్కడే.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఫైలైతే ఓనరు దగ్గరొకటి, వాటాలో ఒకటి పెట్టుకోవచ్చు. డాంగిల్ ఒకటే. వాటాకి అప్పగిస్తే ఓనరుకి ఉండదు, ఓనరు పట్టుకుంటే వాటాకి దక్కదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు రీడర్ని ఇద్దరికీ పంచే ఏర్పాటు చేస్తాయి. మిల్లులో ఉన్న రకానికి మాత్రం పూర్తిగా అప్పగించడమే మార్గం.

రెండున్నరకి గుంటూరు కుర్రాడు ఫోన్లో దొరికాడు. "అన్నా, ఆ కిటికీ పైన డివైసెస్ అని ఉంటుంది, నొక్కండి. అందులో యూఎస్‌బీ. డాంగిల్ పేరు కనపడిందా? దానికి టిక్కు పెట్టండి." గుమాస్తా పెట్టాడు. టంగ్ అని శబ్దం, ఓనరు విండోస్ డాంగిల్ని వదిలేసింది. లైటు ఆరింది. గదిలో అందరి మొహాలూ ఆరాయి. మూడు సెకన్లకి మళ్లీ వెలిగింది, ఈసారి లోపలి విండోస్ కూడా టంగ్ అంది. డాంగిల్ని పలకరించే డ్రైవరు సాఫ్ట్‌వేరు ఓనరు దగ్గర ఉంటే చాలదట, వాటాలోనూ ఉండాలట. అదృష్టం, కుర్రాడు ముందే వేసిపెట్టాడు. తెర మీద ఇంగ్లిషులో పెదనాన్న పేరు పడింది. గుమాస్తా కంప్యూటరుకే దణ్ణం పెట్టాడు.

ఇప్పుడు పిన్. "ఏంటది?" అంటే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెదనాన్న సంతకానికి పిన్ పెదనాన్నకే తెలీదు! ఆడిటర్ గారి దగ్గర పనిచేసే కుర్రాడికి తెలుసు. అతను నరసరావుపేట వెళ్లే బస్సులో ఉన్నాడు. గందరగోళంగా ఊహిస్తూ కొట్టే వీల్లేదు. వరసగా కొన్నిసార్లు తప్పు కొడితే డాంగిల్ తాళం వేసుకుంటుంది. దాన్ని మొత్తం తుడిచి కొత్త సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. ఫోను కలిసింది. బస్సు రొదలో అతను అరిచాడు. వినపడక గుమాస్తా గట్టిగా తిరిగి అప్పజెప్పాడు. డ్రైవరు మర్చిపోతామేమోనని గోడ క్యాలెండరు మీద రాశాడు. టీ తెచ్చిన పిల్లాడు కూడా విన్నాడు. నేనూ విన్నాను, ఇప్పటికీ గుర్తుంది. మూడింటికి ఏడు నిమిషాలుందనగా టెండరు వెళ్లింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. నాకే కడుపులో ఏదో తేడాగా ఉంది. మా పెదనాన్న ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఎవరి చేతికీ ఇచ్చే మనిషి కాదు. ప్రామిసరీ నోటు మీద సాక్షి సంతకమన్నా నాలుగుసార్లు చదివి గానీ పెట్టడు. అలాంటిది, మిల్లునే రాసిచ్చేయగల సంతకాన్ని బీరువాలో పడేసి, తాళంచెవి ఊరందరికీ వినిపించాడు.

ఈ సంతకం చట్టం దృష్టిలో ఆటబొమ్మ కాదు. 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన ఐటీ చట్టం దీనికి విలువ ఇచ్చింది. మన రాష్ట్రం 2003లోనే ప్రభుత్వ టెండర్లని ఈ-ప్రొక్యూర్‌మెంటుకి మార్చి దేశంలో ముందు నిలిచింది. అదే చట్టంలో 42వ సెక్షన్ ఒకటుంది. సంతకం తాలూకు రహస్యం తన అదుపులో ఉంచుకోవాల్సిన జాగ్రత్త సంతకందారుడిదే అంటుంది. అది చేజారితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకి చెప్పాలంటుంది. మోసపు ఉద్దేశంతో ఇంకొకరి సంతకం వాడితే 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అయితే పిన్ మనమే చెప్పి, డాంగిల్ మనమే ఇచ్చాక, 'ఆ సంతకం నేను పెట్టలేదు' అని రుజువు చేయడం ఎంత కష్టమో ఊహించుకోండి.

బ్రాడీపేటలో ఒక ఆఫీసులో సొరుగు తెరిచి చూపించారు. రబ్బరు బ్యాండ్లు చుట్టి, తెల్ల ప్లాస్టరు మీద మిల్లుల పేర్లు రాసిన డాంగిళ్లు. కోల్డ్ స్టోరేజీలవి, మిర్చి ఎగుమతిదారులవి, స్పిన్నింగ్ మిల్లులవి. కొన్నింటికి పిన్ కూడా ఆ ప్లాస్టరు మీదే! ఆడిటర్లని అనడానికేముంది? నెలనెలా వచ్చి సంతకం పెట్టమంటే యజమానులు రారు. "మీ దగ్గరే ఉంచండి సార్" అని వాళ్లే ఇచ్చి వెళతారు.

అక్కడే ఇంకో తమాషా చూశాను. లోపలి గదిలో పెద్ద కంప్యూటరు, అందులో అరడజను వాటాలు. బయట కూర్చున్న అమ్మాయిలు రిమోట్ డెస్క్‌టాప్‌తో వాటిలోకి వెళ్లి పనిచేస్తున్నారు. కొత్తగా చేరిన అమ్మాయి డాంగిల్ని తీసుకెళ్లి లోపలి గదిలో పెద్ద కంప్యూటరుకే గుచ్చి వచ్చింది. కనపడలేదు. పక్కమ్మాయి నవ్వి, "నీ ముందున్నదానికి గుచ్చవే" అంది. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ తీరే అంత. మనం ఎక్కడ కూర్చున్నామో అక్కడి స్మార్ట్ కార్డునే దూరపు కంప్యూటరుకి చూపిస్తుంది, అక్కడ గుచ్చినదాన్ని పట్టించుకోదు. మొదట విచిత్రంగా తోచింది గానీ, ఆలోచిస్తే సబబే. కార్డు దాని మనిషి చేతిదగ్గర ఉండాలన్నది లెక్క. ఆ సొరుగులోని డాంగిళ్లలో ఒక్కటీ ఆ లెక్కలో లేదు.

వాటాల అవసరం ఈమధ్య కొంత తగ్గింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ 2022 జూన్‌లో సెలవిచ్చింది. 2021 నుంచి క్లాస్-2 సర్టిఫికెట్లు ఆపేసి, క్లాస్-3 మాత్రమే ఇస్తున్నారు. దానికి మనిషి వీడియోలో కనపడి 'నేనే' అని చెప్పాలి. పెదనాన్న దానికి గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

ఆ చవితి వారం మాత్రం మళ్లీ అలా జరగలేదు. ఆ సాయంత్రం నేను చెప్పిందంతా విని పెదనాన్న ఏమీ అనలేదు. క్యాలెండరు కాగితం చింపి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కుర్రాణ్ణి పిలిపించి పిన్ మార్పించుకున్నాడు. డాంగిల్ని ఇంటి తాళాల గుత్తికి కట్టి మొలలో దోపుకున్నాడు. టెండరు దక్కింది, మిల్లు ఆడింది. మొన్న సీజన్లో వెళ్లినప్పుడు చూశాను. గుమాస్తా అన్నీ సిద్ధం చేసి లేచి నిలబడ్డాడు. పెదనాన్న కుర్చీలో కూర్చుని, గుత్తి తీసి గుచ్చి, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క వేలుతో నంబరు కొట్టడం మొదలెట్టాడు. నేను వంగి చూస్తుంటే తలెత్తి, "అటు తిరగరా" అన్నాడు.